బీరు పీపాలో బూజు

ఆవకాయ జాడీలో నూనె పైకి తేలకపోతే బూజు పడుతుందని మన ఇళ్లలో ఎవరికి తెలియదు? బూజుకు గాలి కావాలి. నూనెపొర ఆ గాలిని ఆపుతుంది. ఈస్టు అట్లా కాదు. గాలి అందని అడుగున కూడా చక్కెరను సారాయముగా మార్చగలదు. వంటింటి విషయమంత చిన్నదిగా కనబడే ఈ భేదం మీద పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా పండితులు దశాబ్దాలు వాదులాడుకున్నారు.

పులియుటకు మన పాఠ్యపుస్తకాలు వాడే మాట కిణ్వనము. 'కిణ్వము' అన్న సంస్కృత శబ్దం కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్ష ప్రకరణంలోనే ఉంది. అక్కడ కిణ్వం చేయడానికి చెప్పిన ముఖ్య ద్రవ్యాలు మినుములు, బియ్యము. ఇడ్లీపిండి రుబ్బే వారికి ఈ జంట కొత్తది కాదు! కిణ్వాన్ని తయారు చేయడం తెలిసింది గాని, అందులో ప్రాణమున్నదని తెలియడానికి సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది.

వచ్చిన తరువాత చిక్కు మరింత పెరిగింది. మ్యూకర్ అనే బూజును తీపి ద్రవంలో ముంచితే దాని పోగులు తెగి, ఈస్టు వలె గుండ్రని కణాలై మొగ్గలు తొడిగేవి. కొంత సారాయము కూడా పుట్టేది. దీనిని చూసి బూజే ఈస్టుగా మారుతున్నదని కొందరన్నారు. లూయీ పాశ్చర్ సైతం ద్రాక్షసారాయిపై తేలే మీగడవంటి పొర ఈస్టుగా మారుతుందని కొంతకాలం నమ్మాడు. ఆ మాటే నిజమైతే బీరు కాచేవాడి గతి ఏమిటి? పీపాను ఎంత కడిగినా ప్రయోజనం లేదు. నేటి మంచి ఈస్టు రేపటి బూజు కావచ్చును.

పాశ్చర్ తన నమ్మకాన్ని తానే పరీక్షకు పెట్టాడు. వంపుమెడ కుప్పెలలో మాల్టు కషాయాన్ని మరిగించి, బయటి ధూళి చొరకుండా కాపాడి, ఒక్కొక్క జీవిని వేరువేరుగా పెంచి చూశాడు. బూజు బూజుగానే ఉన్నది, ఈస్టు ఈస్టుగానే ఉన్నది. మునిగిన మ్యూకర్ వేషం మార్చినదే గాని జాతి మార్చలేదు. గాలి తగలగానే మళ్లీ పోగులు చాచింది. తన పూర్వపు మాటను ఆయన ఉపసంహరించుకున్నాడు. ఆయన ప్రయోగాలన్నింటిలో నాకు ఎక్కువ గౌరవం దీని మీదనే.

ఈ పనికి ఆయనను పురికొల్పింది మాత్రం కేవల జిజ్ఞాస కాదు. 1870-71 యుద్ధంలో ఫ్రాన్సు జర్మనీ చేతిలో ఓడింది. బాన్ విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవపట్టాను తిప్పి పంపిన పాశ్చర్, బీరులో జర్మనులను మించాలని పట్టుబట్టాడు. 1871లో లండనులోని విట్‌బ్రెడ్ కర్మాగారానికి వెళ్లి, వారి ఈస్టును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, అందులో చేరిన పరాయి జీవులను వారికే చూపాడు. 1876లో బీరు మీద ఆయన గ్రంథం వెలువడింది. ఈ నడుమ 1873లో, రోగబీజాలు లేని ఈస్టుకు అమెరికాలో పేటెంటు కూడా పొందాడు. పాశ్చర్ పేటెంటు తీసుకున్నాడంటే కొందరు మిత్రులు నమ్మకపోవచ్చు, కాని అది చరిత్ర.

దీనికి ఎదురుగా డెన్మార్కు కథ ఉన్నది. కార్ల్స్‌బెర్గ్ స్థాపకుడు యాకబ్సెన్ 1845లో మ్యూనిక్ నుండి డబ్బాలలో ఈస్టు తెచ్చుకుంటూ, గుర్రపుబండి ఆగిన ప్రతి చోట వాటిని చన్నీటితో చల్లబరచాడట. ఆయన 1875లో నెలకొల్పిన ప్రయోగశాలలో చేరినవాడు ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్. యౌవనంలో ఇళ్లకు రంగులు వేసి బ్రతికినవాడు, పేడపై మొలిచే బూజుల మీద వ్యాసం వ్రాసి 1876లో విశ్వవిద్యాలయపు స్వర్ణపతకం గెలిచినవాడు. 1883లో కార్ల్స్‌బెర్గ్ బీరు రుచి చెడింది. పాశ్చర్ చెప్పినట్లు బాక్టీరియాను వెతికితే సరిపోదని, దోషం ఈస్టులోనే ఉన్నదని హాన్సెన్ గ్రహించాడు. చూడడానికి ఒకే తీరుగా ఉండే ఈస్టులలో మంచిది ఒకటి, చెరుపుచేసేవి వేరు. కణాలను నీటిలో పలుచన చేస్తూ పోయి, ఒకే ఒక్క కణం నుండి శుద్ధమైన ఈస్టును పెంచాడు. ఆ సంవత్సరం నవంబరులోనే ఆ ఈస్టుతో బీరు కాచారు.

యాకబ్సెన్ దానిని దాచుకోలేదు. శాస్త్రానికో వృత్తికో ఉపకరించే ఏ ఫలితాన్నీ రహస్యంగా ఉంచరాదని ప్రయోగశాల నిబంధనలలోనే వ్రాయించాడు. ఇతర బీరు తయారీదారులకూ ఆ ఈస్టు అందింది. పేర్ల విషయంలో ఒక చమత్కారం చెప్పాలి. హాన్సెన్ దోషులుగా పట్టుకున్న అడవి ఈస్టులలో ఒకదానికి అప్పట్లో పాశ్చర్ గౌరవార్థం 'శాకరోమైసిస్ పాస్టోరియానస్' అన్న పేరుండేది. నేడు నామశాస్త్రజ్ఞులు ఆ పేరునే కార్ల్స్‌బెర్గ్ మంచి ఈస్టుకు ఇచ్చారు!

ఇక బూజు పట్టిన పీపా సంగతి. పైన తెల్లగా, ముడతలుగా పరచుకున్న పొర అయితే అది చాలావరకు అడవి ఈస్టులదో బాక్టీరియాదో, బూజు కాకపోవచ్చు. నూగుతో, ఆకుపచ్చగానో నల్లగానో కనబడితే అది బూజే. దానిని తీసివేసి కింది ద్రవాన్ని కాచి వాడుకుందామన్న ఆశ వద్దు. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ పిండి తిని లక్ష టర్కీ కోళ్లు చనిపోయినప్పుడే అఫ్లటాక్సిన్ బయటపడింది. బూజు చచ్చినా ఇటువంటి విషాలు మామూలు మరుగుకు లొంగవు. ఆ బీరును పారబోసి, పాత్రను బాగా శుద్ధి చేసి, కొత్త ఈస్టుతో మళ్లీ మొదలుపెట్టవలసినదే.