మా మాట, వాళ్ల మాట

'చిల్లర దేవుళ్లు' (1969) లాంటి నైజాం కాలపు నవలల్లో కోస్తా పాఠకుడు 'పట్వారీ' దగ్గర ఆగుతాడు. నిఘంటువు తియ్యడు. లెక్కలెవరు రాస్తున్నారో, భూములెలా చేతులు మారుతున్నాయో నాలుగు పేజీలు చదివేసరికి వాడు తమ కరణమేనని తెలిసిపోతుంది.

మాకది ఇంట్లో మాటే. 1948 దాకా హైదరాబాద్ రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. జప్తు, రసీదు, దస్తావేజు రైతు నోట తెలుగైపోయాయి. (కృష్ణ దాటినా అవే మాటలు!)

మేం తడుముకున్నవి వేరు: మైల, తద్దినం, అప్పగింతలు. మేం చదివిన నవలలేవీ వాటికి అడుగున అర్థాలివ్వలేదు. పెళ్లికూతురి తల్లి ఏడుపును బట్టి అప్పగింతలేమిటో గ్రహించాం. అవి 'తెలుగు', మా పట్వారీ మాత్రం 'అన్యదేశ్యం'.

1984లో పటేల్, పట్వారీల వ్యవస్థే రద్దయింది. ఇవాళ తెలంగాణ పిల్లలు కూడా ఆ మాటను నవలలో సందర్భాన్ని పట్టుకునే నేర్చుకుంటున్నారు, మా పిల్లలతో సహా.