ఆ ధున్ ఎవరిది?

1972లో వచ్చిన ‘డెలివరెన్స్’ సినిమాలో పట్నం మనిషి గిటార్‌తో, కొండ ఊరి పిల్లవాడు బాంజోతో సవాల్-జవాబ్ చేస్తారు. ఖవ్వాలీ ముఖాబలా విన్నవాళ్లకి ఆ మజా తెలుసు. అమెరికా కొండసీమల బ్లూగ్రాస్ సంగీతాన్ని దునియా అంతా మషూర్ చేసిన సీన్లలో అదొకటి. బాంజో మాత్రం పశ్చిమ ఆఫ్రికా నుంచి గులాములుగా తెచ్చినవాళ్ల వాద్యాల ఔలాదే. ఈ మాట సినిమాలో ఎక్కడా రాదు.

నిజానికి ఆ పిల్లవాడికి బాంజో రాదు. వెనక దాక్కున్న ఇంకొకరి చెయ్యి తీగలు నొక్కింది. మనకి వినిపించే బాంజో ఎరిక్ వైస్‌బర్గ్‌ది. పోనీ, సినిమా అంటేనే నజర్‌బందీ కదా!

ధున్ సంగతే జుల్మ్. 1955లోనే దాన్ని రికార్డు చేసిన ఆర్థర్ స్మిత్‌ని ఎవరూ ఇజాజత్ అడగలేదు, పేరూ వేయలేదు. 1973లో రికార్డు అమెరికా పాటల జాబితాలో 2వ స్థానం దాకా వెళ్లింది. స్మిత్ అదాలత్ మెట్లెక్కాడు, తన హక్ తెచ్చుకున్నాడు.