ప్రాత గొలుసు రంపములు – చరిత్ర, చికిత్స

తెలుగువారు కఱ్ఱ కోయు పనిముట్టును రంపమందురు. తమిళనాట అది రంబముగనే వినబడును. కన్నడమున గరగస. ఒడియాలోని కరత, మరాఠీలోని కరవత సంస్కృతమందలి కరపత్ర శబ్దమునుండి వచ్చినవి. అమరకోశమున క్రకచమునకు కరపత్రము పర్యాయపదము. నేడు తెలుగున కరపత్రమనిన వీధిలో పంచు కాగితము తప్ప మరియొకటి స్ఫురింపదు. పొరుగునాళ్ళలో తరతరములుగా స్థిరపడిన తెలుగు వడ్రంగులకు ఈ మాటలు క్రొత్తవి కావు. పేరేదైనను పెద్ద దుంగను కోయు తీరు మాత్రము ఒక్కటే. గుంటమీద దుంగ నుంచి, పైన నొకడు, క్రింద నొకడు నిలిచి కోయుదురు. పైవాడు గీత తప్పకుండ నడుపగా క్రిందివాడు కంట పొట్టు రాల్చుకొనుచు లాగును. ఈ ఇరువురి జంట యంత్రము వచ్చిన పిమ్మటను చాలకాలము నిలిచెను.

గొలుసు రంపము మొదట అడవిలో కనబడలేదు. శస్త్రవైద్యుని చేత కనబడినది. 18వ శతాబ్దాంతమున స్కాట్లండు వైద్యులగు జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రీ అనువారు పండ్లుగల సన్నని గొలుసును అటునిటు లాగి ఎముకను కోయు సాధనమును రూపొందించిరి. 1830లో జర్మనీ దేశీయుడు బెర్న్‌హార్డ్ హైనె ఆ గొలుసు ఒక పట్టె అంచుచుట్టును తిరుగునట్లు అమర్చి, చేతితో త్రిప్పు పిడి కూర్చెను. నేటి రంపపు రూపము అందే కలదు. అయినను చెట్లుకోయు యంత్రము దీని సంతానమే యనుట తొందరపాటు. రూపసామ్యము వేరు, వంశము వేరు.

అడవి యంత్రము చరిత్ర 20వ శతాబ్దమున గట్టిపడెను. 1926లో ఆండ్రియాస్ ష్టీల్ స్టుట్‌గార్టు నగరమున విద్యుచ్ఛక్తితో నడచు రంపమును నిర్మించెను. దాని బరువు 64 కిలోగ్రాములు. అడవిలో విద్యుత్తు ఎక్కడ లభించును? 1927లో ఎమిల్ లెర్ప్ థురింజియా యందలి డోల్మార్ కొండపై పెట్రోలు రంపమును పరీక్షించెను. ఆ కొండ పేరే యంత్రమునకు నిలిచెను. ష్టీల్ పెట్రోలు యంత్రము 1929లో 46 కిలోగ్రాముల బరువుతో వెలువడెను. వీనిని నడుపుటకు ఇంజనువైపు నొకడు, పట్టె చివర పిడి పట్టి మరియొకడు కావలెను. గుంటకోత జంటయే యిది. మీదుక్రిందులు పోయి కుడియెడమలైనవి.

ఇంజను సమకూడినను పండ్లు సమకూడలేదు. తొలి గొలుసుల పండ్లు చేతిరంపపు పండ్లకు అనుకరణములు. కొన్ని అంచులు కోయును, కొన్ని మధ్యనున్న కఱ్ఱను గోకి తీయును. వానికి పదును పెట్టుట కోతకంటె కష్టమైన పని. 1946లో అమెరికా దేశపు ఓరిగాన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను కోతగాడు మ్రాను దొలుచు పురుగును చూచెను. ఆ పురుగు తన వంపు దౌడలతో కుడికి నొకమారు, ఎడమకు నొకమారు కొఱకుచు, నారకు ఎదురైనను నారవెంటనైనను సులువుగా సాగుచుండెను. కాక్స్ ఆ దౌడలను ఉక్కులో పోతపోసినట్లు పంటిని వంచి, 1947లో పోర్ట్‌లండు నగరమందలి తన యింటి నేలమాళిగలో గొలుసుల తయారీ ప్రారంభించెను. గుండ్రని ఆకురాయి యొకటి యున్నచో అడవిలోనే పదును పెట్టుకొనవచ్చును. ఇంజనుల చరిత్ర వ్రాయువారు ఈ పురుగునకు ఇచ్చుచున్న చోటు చాలదు.

పిమ్మట బరువు తగ్గెను. 1949లో మెకల్లక్ వారి 3–25 యంత్రము 25 పౌనులతోను, 1950లో ష్టీల్ వారి ఒంటిమనిషి రంపము 16 కిలోగ్రాములతోను, 1959లో పండ్లచక్రముల పెట్టె లేని కాంట్రా 12 కిలోగ్రాములతోను వచ్చినవి.

ప్రాత రంపమును బాగుచేయబూనువాడు మొట్టమొదట దాని వయస్సు తెలిసికొనవలెను. రోగము వయస్సునుబట్టి యుండును. తొలి యంత్రముల కార్బురేటరు లోపల చిన్న గిన్నె, అందు తేలు బెండు ఉండును. యంత్రమును ప్రక్కకు వంచినచో గిన్నెలోని పెట్రోలు దారి తప్పి ఇంజను ఆగును. అందుకే ఆ కాలపు యంత్రములు కొన్నింట ఇంజను నిటారుగానుండగనే పట్టె మాత్రము ప్రక్కకు తిరుగునట్లు చేసిరి. ఇది ఎఱుగనివాడు యంత్రమంతయు వంచి, అది ఆగినపుడు కార్బురేటరును నిందించి, బాగున్నదానిని విప్పి పాడుచేయును. ప్రాత యంత్రములకు తుప్పుకంటె ఇట్టి వైద్యమే ఎక్కువ హాని.

1950ల దశకమున గిన్నెకు బదులు పలుచని పొర గల కార్బురేటరు వ్యాప్తిలోకి వచ్చినందున రంపమును తలక్రిందుగా పట్టినను నడచెను. కాని ఆ పొర ఏండ్ల తరబడి వాడకున్న ఎండిన విస్తరాకువలె బిగియును. ఇంజను మొదలై, వేగము పెంచగనే చచ్చిపోవుట దీని లక్షణము. దీనికి పొర మార్చుటయే మందు. నేటి భారతదేశమున పెట్రోలులో 20 శాతము వరకు ఎథనాలు కలుపబడుచున్నది. అది తేమను పీల్చి, ప్రాత రబ్బరు గొట్టములను మెత్తబరచును.

పరీక్షకు ఒక వరుస కలదు: ముందు నిప్పురవ్వ, పిదప పెట్రోలు, ఆపైన సిలిండరు ఒత్తిడి. మాగ్నెటోలోని పాయింట్లు కదలిక లేక మసకబారి రవ్వ పుట్టనీయవు. సన్నని గరుకు కాగితముతో తుడిచి, పిమ్మట తెల్ల కాగితమును నడుమ లాగినచో పలుమార్లు అంతతోనే ప్రాణము వచ్చును. రాకున్న కండెన్సరును అనుమానింపవలెను.

అన్నిటికంటె మోసకరమైన రోగము ఇరుసుచివరల సీళ్ళు ఎండుట. వానిగుండ గాలి చొరబడి, ఇంజను తనంత తానే కేకపెట్టుచు వేగమందుకొనును. క్రొత్తవాడు ఆ కేక విని సంతోషించును. రెండు దెబ్బల ఇంజనునకు నూనె పెట్రోలుతోనే చేరును. పెట్రోలు పలుచనైనచో నూనెయు పలుచన. నిమిషములలో పిస్టను గీరుకొనిపోవును. అట్టి కేక వినబడగనే ఆపవలెను. నూనె పాలు విషయమునను జాగ్రత్త కావలెను. ప్రాత టాంకిమీద 16 పాళ్ళకు 1 అని యుండుట ఆనాటి మామూలు నూనెకు చెల్లినది. నేటి నూనెతో అదే పాటించిన పొగయు మసియు మిగులును. 32కు 1 పాలును చాలమంది నడిమి మార్గముగా పాటింతురు. గొలుసునకు నూనె బొటనవ్రేలితో మీట నొక్కి అందింపవలసిన యంత్రములందు ఆ నొక్కు మరచినచో పట్టె కాలి నీలమెక్కును.

ఇంత శ్రమ ఎందుకని యడుగువారికి, పండ్లచక్రములు గల ప్రాత రంపము లావుపాటి దుంగలో దిగుటను చూపిన చాలును. గొలుసు మెల్లగా తిరుగును, ధ్వని గంభీరము, బరువే క్రిందికి దింపును, మనిషి నొక్కనక్కరలేదు. రాలినది పిండివలె నున్న పదును పోయినట్లు, రేకులుగా నున్న పదును నిలిచినట్లు. అమెరికా, కెనడాలలో వీనిని సేకరించువారు ఒకచోట చేరి, ఒక్కొక్కటిగా మొదలుపెట్టి విని ఆనందింతురు.

అయితే ఆ ఆనందము కొన్ని నిమిషములది. దినమంతయు ఈ యంత్రములు పట్టిన కోతగాండ్ర వ్రేళ్ళు అదురువలన రక్తము చేరక తెల్లబడి, స్పర్శ కోల్పోయినవి. అదురును ఆపు పిడులు 1960ల దశకమునను, గొలుసును తటాలున నిలుపు బ్రేకు 1970ల దశకమునను వచ్చినవి. ప్రాత రంపమునకు రెండును లేవు. పట్టె ముక్కు దుంగకు తగిలినచో అది మనిషిమీదికి ఎగురును. కావున నేలమీద కదలకుండ బిగించిన దుంగను కోయుటకే దానిని వాడవలెను గాని, నిలిచిన చెట్టుమీద ప్రయోగింపరాదు. కంటికి, చెవికి, కాలికి రక్షణ తప్పదు.

పని ముగిసిన పిదప టాంకిని వట్టిచేసి, కార్బురేటరులోని పెట్రోలు ఇంకువరకు నడిపి ఆపవలెను. ఇరువురు పట్టు యంత్రములలో పట్టె చివరి పిడి పోయినవి తరచుగా కనబడును. ఇంజనును దాచినవారు రెండవవాని పిడిని దాచుట మరచిరి. అది దొరకు వరకు, దానిని పట్టుటకు తోడు మనిషి కుదురు వరకు, ఆ యంత్రమును మొదలుపెట్టకుండుటయే మేలు.