కానుగ నూనె నుంచి ఇథనాల్ ఫ్యాక్టరీ దాకా

2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. దానికి వచ్చినవాళ్ల విమాన ప్రయాణాల వల్ల గాలిలో కలిసిన కర్బనానికి పరిహారంగా ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. ఆ డబ్బు అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలోని పవర్‌గూడకు చేరింది. ఆ ఆదివాసీ గూడెంలోని మహిళా సంఘాలు 2002లో 4,500 కానుగ మొక్కలు నాటాయి. పదేళ్లలో వాటి గింజల నుంచి 51 టన్నుల నూనె వస్తుందని, దాన్ని డీజిల్‌కు బదులు వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్క కట్టారు. పంటల నుంచి తీసే ఇంధనం మీద ఉత్తర తెలంగాణ చేసిన ప్రయోగాల్లో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో, ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోకుండా జరిగింది ఇదే.

కానుగను అక్కడికి ఎవరూ కొత్తగా తేలేదు. వాగుల ఒడ్డున, చేల గట్ల మీద దానంతటదే పెరుగుతుంది. రైతులు దాని రొట్టను మళ్లలో తొక్కేవారు, నూనెను దీపాలకూ గజ్జికీ వాడేవారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యుడు ఉడుపి శ్రీనివాస ఈ నూనెతో డీజిల్ ఇంజన్లు నడపవచ్చని కర్ణాటక పల్లెల్లో చూపించాక, ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఆ పద్ధతిని ఆదిలాబాద్ గూడేలకు తెచ్చింది. నిజానికి ఇందులో కొత్త శాస్త్రమేమీ లేదు. 1900 పారిస్ ప్రదర్శనలోనే ఒక డీజిల్ ఇంజన్ వేరుశనగ నూనెతో నడిచింది.

పని మాత్రం ఓపికతో కూడుకున్నది. ఎండాకాలంలో రాలిన కాయలు ఏరాలి, ఆరబెట్టాలి, కర్రలతో కొట్టి పొట్టు విప్పాలి. ఒక్కో కాయలో సాధారణంగా ఒకే గింజ ఉంటుంది. నాలుగు కిలోల గింజలు మిల్లులో వేస్తే ఇంచుమించు లీటరు నూనె దిగుతుంది. మిగిలిన చెక్క చేలకు మంచి ఎరువు. చిక్కటి ఆ నూనెను నెమ్మదిగా తిరిగే పంపుసెట్టు ఇంజన్ తట్టుకుంటుంది. కారులో పోస్తే మాత్రం నాజిల్ దగ్గర జిగురు పట్టి ఇంజన్ మొరాయిస్తుంది. కారుకు పనికిరావాలంటే మిథనాల్‌తో చర్య జరిపి, గ్లిజరిన్ వేరుచేసి, బయోడీజిల్‌గా మార్చాలి.

పదేళ్లకు 51 టన్నులంటే రోజుకు సుమారు 15 లీటర్లు. గూడెంలో ఒక చిన్న జనరేటర్‌ను కొన్ని గంటలు తిప్పడానికి అది చాలు. కరెంటు రాని ఊళ్లో ఆ కొన్ని గంటల విలువ ఎంతో అక్కడ బతికినవాళ్లకే తెలుస్తుంది.

ఢిల్లీ ఆశ వేరే స్థాయిలో ఉండేది. అదే 2003లో ప్రణాళికా సంఘం కమిటీ దేశమంతటా 1.12 కోట్ల హెక్టార్లలో జట్రోఫా అనే నూనెగింజల మొక్క వేసి, 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలని తలపెట్టింది. బంజరులో పండుతుందన్న జట్రోఫా నీళ్లూ ఎరువూ లేకపోతే గింజ అరకొరగానే ఇచ్చింది. లక్ష్యం కాగితం మీదే మిగిలింది. తర్వాత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తీపి జొన్నను ముందుకు తెచ్చింది. దాని రసంతో ఇథనాల్ తీసే డిస్టిలరీ ఉమ్మడి మెదక్ జిల్లాలో 2007లో మొదలైంది. అయితే కోసిన దంటు రసం ఒకటి రెండు రోజుల్లోనే పులుస్తుంది, కోత కొన్ని వారాలే ఉంటుంది. ఏడాది పొడుగునా నడవాల్సిన ఫ్యాక్టరీకి ఆ లెక్క కుదరడం కష్టం.

ఉమ్మడి కరీంనగర్ దారి వేరు. మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ ఉన్నంతకాలం ఆ చుట్టుపక్కల చెరకు పండేది. చక్కెర తీయగా మిగిలే మొలాసిస్‌తో చేసే ఇథనాల్ తిండికి పోటీ రాదు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది, దాంతోపాటే ఆ అవకాశమూ పోయింది. ఆ తర్వాత మూడేళ్లకు వచ్చిన 2018 జాతీయ జీవ ఇంధన విధానం ఇథనాల్ తయారీలో తిండిగింజలకు తలుపు తెరిచింది. 2013-14లో పెట్రోలులో 1.5 శాతమే ఉన్న ఇథనాల్ మిశ్రమం 2025కల్లా 20 శాతానికి చేరింది. మొదట ఆ లక్ష్యానికి పెట్టుకున్న గడువు 2030.

ఈ వేగం చూసి సంతోషించేముందు ఒక లెక్క చూడాలి. టన్ను మక్కల నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. లీటరుకు దాని శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే. అంటే టన్ను మక్కలు 250 లీటర్ల పెట్రోలుకు సరితూగుతాయి. కోళ్ల ఫారాలు దాణాగా కొనేదీ ఆ మక్కలే. వరి సంగతి ఇంకా బరువైనది. కిలో బియ్యానికి వేల లీటర్ల నీళ్లు కావాలి. కరీంనగర్‌లో ఆ నీళ్లు చాలా చోట్ల బోర్ల నుంచీ ఎత్తిపోతల నుంచీ వస్తాయి, వాటి మోటార్లు తిరిగే కరెంటులో పెద్ద భాగం బొగ్గుదే. బొగ్గు కాల్చి నీళ్లు తోడి, ఆ నీళ్లతో వరి పండించి, ఆ బియ్యాన్ని బండ్లలో పోస్తే పర్యావరణానికి మిగిలేది ఎంత? 2023 జులైలో ఇథనాల్‌కు బియ్యం ఇవ్వడం భారత ఆహార సంస్థ ఆపేసింది. తర్వాత నిల్వలు పెరిగితే మళ్లీ మొదలుపెట్టింది. వానను బట్టి మారే ముడిసరుకు మీద దేశం ఇంధనం ఆధారపడటం మంచిది కాదు.

ఊళ్లు తమ అభ్యంతరం గట్టిగానే చెప్పాయి. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలం స్తంభంపల్లిలో ఇథనాల్ ఫ్యాక్టరీ ప్రతిపాదనకు వ్యతిరేకంగా జనం కదిలారు. 2024 నవంబరు 26న నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్, గుండంపల్లి వాసులు ఆడా మగా జాతీయ రహదారి మీద బైఠాయించారు. నీళ్లు చెడిపోతాయన్నది, గాలి కంపుకొడుతుందన్నది వాళ్ల భయం. మర్నాడే పనులు ఆపుతున్నట్టు అధికారులు ప్రకటించాల్సివచ్చింది. పవర్‌గూడలో మిల్లు ఊరి మహిళల చేతిలో ఉండేది. ఇక్కడ ఊరికి దక్కేది ఏమిటో ఎవరూ తేల్చి చెప్పలేదు.

ఈ ప్రాంతంలో తిండికి పనికిరాని ముడిసరుకుకు కొదవేమీ లేదు. ఉమ్మడి ఆదిలాబాద్ చేలల్లో పత్తి ఏరాక మిగిలే కట్టెను రైతులు చాలావరకు అక్కడే తగలబెడతారు. పంట వ్యర్థాల గుళికలను బొగ్గులో కలిపి కాల్చాలని 2021లో కేంద్రం థర్మల్ కేంద్రాలకు నిర్దేశించింది, మొదట 5 శాతంతో. రామగుండం ఎన్టీపీసీ అక్కడికి దగ్గరే. అడ్డం పడేది కట్టె పీకే కూలి, బరువు తక్కువై చోటు ఎక్కువ తినే ఆ కట్టెను మిల్లుకు చేర్చే బండి కిరాయి. ప్రభుత్వం ఇథనాల్ ధరకు ఇచ్చే భరోసాలో కొంతైనా ఈ రెండింటికీ ఇస్తే, పత్తి రైతు అగ్గిపెట్టె తీసేముందు ఆగి బేరం చూసుకుంటాడు.