405 రేఖల టెలివిజను

1936 నవంబరు 2వ తేదీన లండనునందలి అలెగ్జాండ్రా ప్యాలెస్ నుండి బి.బి.సి. వారు క్రమబద్ధమైన టెలివిజను ప్రసారములను ఆరంభించిరి. అప్పటికి ఏ పద్ధతి మేలైనదో తేలలేదు. బెయిర్డుగారి 240 రేఖల పద్ధతియు, మార్కొనీ-ఇ.ఎం.ఐ. వారి 405 రేఖల పద్ధతియు వారము విడిచి వారము నడిచెను. 1937 ఫిబ్రవరిలో బెయిర్డు పద్ధతిని విడిచిపెట్టిరి.

టెలివిజను బొమ్మ తెరపై ఒక్కసారిగా ఏర్పడునది కాదు. మగ్గముపై పోగు వెంబడి పోగు చేరి వస్త్రమగునట్లు, రేఖ వెంబడి రేఖ చేరి బొమ్మయగును. 405 పద్ధతియందు మొదట రేఖ విడిచి రేఖను గీచి, పిమ్మట నడుమ విడిచిన రేఖలను పూరించుచుండెను. ఇట్లు సెకనుకు 50 మారులు తెరను గీయుటచే మిణుకు తగ్గెను. సంపూర్ణ చిత్రములు మాత్రము 25. ఈ అల్లిక కుదురుటకు రేఖల సంఖ్య బేసిగా ఉండవలెను. రేఖలు హెచ్చినకొలది బొమ్మ స్ఫుటమగును గాని, ప్రసారమునకు తరంగములలో అంత విశాలమైన తావు కావలెను. రేడియో మధ్యతరంగములలో అంత తావు లేదు. అందుచే చిత్రమునకు 45 మెగాహెర్ట్జులు, అనగా సెకనుకు 4 కోట్ల 50 లక్షల కంపనములు గల తరంగమును ఎన్నుకొనిరి.

1939 సెప్టెంబరు 1న యుద్ధకారణమున ప్రసారము నిలిచెను. అప్పటికి ఇండ్లలోనున్న యంత్రములు సుమారు 20 వేలు. పద్ధతిని మార్చదలచినచో అదియే అదను. కాని క్రొత్తదానికై వేచియుండుటకంటె పాతదానితోనే త్వరగా ఆరంభించుట మేలని 1945లో హాంకీ సంఘము సలహా నొసగెను. 1946 జూన్ 7న 405 రేఖలతోనే ప్రసారము మరల మొదలయ్యెను. యుద్ధముచే నలిగిన ప్రజలకు వినోదము ముందు, రేఖల లెక్క తరువాత. ఆ సలహాను నేడు తప్పుపట్టుట న్యాయము కాదు. అయినను దాని వెల పెద్దదే. 1953 జూన్ 2న జరిగిన ఎలిజబెత్ రాణి పట్టాభిషేకమును 2 కోట్లకు పైగా జనులు తెరపై తిలకించిరి. వేలుగా నున్న యంత్రములు లక్షలైనవి. ఈలోగా ఐరోపాయందలి పెక్కు దేశములు 625 రేఖలను స్వీకరించినవి.

1962లో పిల్కింగ్టన్ సంఘము బ్రిటనును కూడ 625 రేఖలకు మారుమనెను. మరి కష్టార్జితముతో పాత యంత్రము కొన్న సామాన్యుని గతి యేమి? అతనిని వీధిపాలు చేయలేదు. 1964 ఏప్రిల్‌లో బి.బి.సి. రెండవ ప్రసారము 625 రేఖలతో, 470 మెగాహెర్ట్జులకు పైనున్న క్రొత్త తరంగములపై మొదలయ్యెను. రెండు పద్ధతులకును పనికివచ్చు యంత్రములు అంగళ్లకు వచ్చినవి. 1969 నవంబరు నుండి మొదటి ప్రసారమును రెండు విధములను పంపసాగిరి. కడపటి 405 రేఖల కేంద్రములు 1985 జనవరిలో మూతపడెను.

ఆలస్యముగ ఆరంభించిన మన దేశమునకు ఈ చిక్కు తప్పినది. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టెలివిజను మొదలైనపుడు 625 రేఖలనే గైకొనిరి. మూలబడవేయవలసిన పాత యంత్రము ఇచట ఎవరి యింటను లేదు.