కీబోర్డు ఫోను, తాకుతెర ఫోను

తెర కింద గానీ, తెర వెనుక నుండి జారే పలకపై గానీ అక్షరాల మీటలుండే స్మార్ట్‌ఫోనును కీబోర్డు ఫోను అంటారు. తాకుతెర ఫోనులో ఈ మీటలు తెరపైనే బొమ్మలుగా కనబడతాయి. 2007లో వచ్చిన ఐఫోనుకు విడి కీబోర్డు లేదు. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోను టీ-మొబైల్ జీ1కు మాత్రం జారే కీబోర్డు ఉండేది. ఇంగ్లీషు రాసేవారిలో చాలామంది అప్పట్లో బ్లాక్‌బెర్రీ, నోకియా ఈ71 వంటి మీటల ఫోన్లనే ఇష్టపడేవారు. తెలుగు రాసేవారి లెక్క వేరు.

తెలుగు రాత

మీటలపై ఇంగ్లీషు అక్షరాలే ముద్రించి ఉంటే, తెలుగు రాయడానికి లిప్యంతరీకరణను ఆశ్రయించాలి, లేదా ఇన్‌స్క్రిప్ట్ అమరికను కంఠస్థం చేయాలి. కృష్ణా జిల్లాలోని గుడివాడ పేరునే తీసుకుంటే, ఆర్‌టీఎస్ పద్ధతిలో జి, యు, పెద్ద డి, ఐ, వి, పెద్ద ఎ, పెద్ద డి, ఎ అని 8 అక్షరాలు నొక్కాలి. వీటిలో మూడింటికి షిఫ్టు కూడా కావాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతపు గుర్తులతో కలిపి 7 నొక్కులు చాలు, షిఫ్టు అక్కరలేదు. మచిలీపట్నంలోని "ట్న" కోసం ట, పొల్లు, న వరుసగా నొక్కాలి. తాకుతెరపై ఈ గుర్తులన్నీ తెలుగులోనే కనబడతాయి. ఇంగ్లీషు అక్షరాలు రానివారు కూడా సొంత లిపిలో రాయగలగడానికి ఇదే ముఖ్య కారణం.

అయితే రాసినది తెరపై సరిగా కనబడడం మీటలకు సంబంధించినది కాదు. ఆండ్రాయిడ్‌లో తెలుగు ఖతి 4.1 వెర్షనుతో (2012), ఐఫోనులో తెలుగు కీబోర్డు ఐఓఎస్ 9తో (2015) వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క అక్షరం కనబడితే చాలు, ఐఫోన్లలోని అప్లికేషన్లు మూతపడేవి! ఐఓఎస్ 11.2.6తో ఈ లోపాన్ని సరిచేశారు.

తడి చేతులు

నేటి తాకుతెరలు వేలి వల్ల కలిగే విద్యుత్ మార్పును గుర్తిస్తాయి. నీటి చుక్కలు, ముఖ్యంగా ఉప్పునీరు, అటువంటి మార్పునే కలిగించడంతో తెర తప్పుగా స్పందిస్తుంది. మచిలీపట్నం వద్ద గిలకలదిండి రేవులోను, దివిసీమలోని నాగాయలంక, కోడూరు ప్రాంతాలలోను చేపల వేట, రొయ్యల చెరువుల పనిలో ఉన్నవారు ఎదుర్కొనే ఇబ్బంది ఇది. మీట తడి వేలితో కూడా నొక్కుకుంటుంది. కానీ ఉప్పునీరు సందుల్లోకి దిగితే లోపలి లోహం తుప్పు పడుతుంది.

లభ్యత

2018లో 2,999 రూపాయలకు విడుదలైన జియోఫోన్ 2కు పూర్తి కీబోర్డు ఉండేది. పాత బ్లాక్‌బెర్రీ ఫోన్ల సేవలు 2022 జనవరి 4న నిలిచిపోయాయి. కనుక వాటిని పాత సరుకుగా కొనడం దండగ.