పందుంపుల్ల అనాగరికమా?

చోడవరం మన్యానికి గుమ్మం లాంటి ఊరు. 2022 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కే దారి ఈ ఊరి గుండానే పోతుంది. మన చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు ఈ దారినే దిగాయి. ఉప్పు, కిరసనాయిలు, సబ్బు ఈ దారినే ఎక్కాయి. పళ్ళపొడి, టూత్‌బ్రష్షు కూడా అలాగే వచ్చాయి. వాటితోపాటు ఒక మాటా వచ్చింది: పుల్లతో పళ్ళు తోముకునేవాళ్ళు అనాగరికులని. ఆ మాట విని మన పిల్లలు ఎందరో బడిలో తల దించుకున్నారు. అది నిజమో కాదో చరిత్రలోనే చూద్దాం.

మన పద్ధతి అందరికీ తెలిసిందే. వేప, కానుగ, ఉత్తరేణి, మర్రి ఊడ, ఏది దొరికితే అది చిటికెన వేలంత లావున విరుస్తాం. ఒక కొస నమిలి కుంచెలా చేసి తోముకుంటాం. తరువాత పుల్లను రెండుగా చీల్చి నాలుక గీసుకుంటాం. క్రీ.శ. 673లో మన దేశం చేరిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ ఇదే పద్ధతిని వివరంగా రాశాడు. పుల్ల పొడవు పన్నెండు వేళ్ళు, తక్కువలో తక్కువ ఎనిమిది వేళ్ళు ఉండాలన్నాడు. దాన్ని దంతకాష్ఠం అనేవారు. బౌద్ధ భిక్షువుల నియమాల్లో అది ఉంది. చోడవరానికి దగ్గరలోనే, అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ మీద ఒకప్పుడు భిక్షువులు ఉండేవారు. అంటే పండితులూ భిక్షువులూ పాటించిన అలవాటే మన అలవాటు.

ఇక బ్రష్షు సంగతి. పంది వెంట్రుకలతో బ్రష్షు చేయడం చైనాలో మొదలైంది. ఇంగ్లండులో విలియం ఆడిస్ 1780 ప్రాంతంలో ఎముక పిడికి వెంట్రుకలు గుచ్చి బ్రష్షులు చేసి అమ్మాడు. నైలాన్ కుచ్చు బ్రష్షు అమెరికాలో 1938లో గానీ రాలేదు. అంతవరకు దొరలు తోముకున్నది ఎక్కువగా పంది వెంట్రుకలతోనే. మనది రోజుకో కొత్త పుల్ల. వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. వాళ్ళది నెలల తరబడి అదే బ్రష్షు. ఇందులో అనాగరికం ఎవరిదని చెప్పగలం?

అలాగని బ్రష్షును తిట్టడం మా ఉద్దేశం కాదు. లోపలి దంతాల వెనకకు బ్రష్షు సులువుగా అందుతుంది. ఫ్లోరైడు ఉన్న పేస్టు పళ్ళు పుచ్చిపోకుండా కాపాడుతుంది. పుల్లలో ఆ ఫ్లోరైడు లేదు. గట్టిగా రుద్దితే పుల్లతో చిగుళ్ళు గీసుకుపోతాయి కూడా. మరోవైపు, పుల్ల వాడుక ఉన్నచోట దాన్ని ప్రోత్సహించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలోనే చెప్పింది. అరబ్బు దేశాల్లో మిస్వాక్ పుల్లను ఇప్పటికీ గౌరవంగా వాడతారు. పాతదంతా మంచిదనీ అనలేం. పొగాకు నుసితో పళ్ళు తోమడం, అడ్డపొగ తాగడం మన ప్రాంతంలో పాత అలవాట్లే. అవి నోటి క్యాన్సరు తెస్తాయి. వాటిని మానాల్సిందే.

ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. పిల్లల చేతికి బ్రష్షు ఇవ్వండి, వాడే తీరు నేర్పండి. వాళ్ళ తాత చేతిలోని పుల్లను మాత్రం వెక్కిరించకండి. యువకులు పెద్దల దగ్గర కూర్చుని ఏ చెట్టు పుల్ల దేనికి మంచిదంటారో, కువిలో, గదబలో, ఆదివాసీ ఒడియాలో ఆ చెట్టు పేరేమిటో రాసిపెట్టండి. వేపా బొగ్గూ ఉప్పూ ఇప్పుడు పేస్టు గొట్టాల్లో మనకే అమ్ముతున్నారు. ఆ తెలివి మొదట ఎవరిదో మన పిల్లలకు తెలియాలి.